పదో క్లాసు కార్డు, పాపక్క ఎద్దు

చెన్నరాయప్ప కెమెరా ఎత్తుకొని నిలబడితే వేప్పనపల్లి చుట్టుపక్కల ఎద్దులన్నీ కొమ్ములు సర్దుకొని వస్తాయని చెప్పేవాడు ఈ సీమలో ఒక్కడే ఉండాడు. ఆ ఒక్కడి పేరు చెన్నరాయప్ప.

నలభై ఆరేండ్ల మనిషి. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినాడు. నాయన కాలంలో నూటిరవై గొర్రెలుండె, ఇప్పుడు మూడు మేకలుండాయి, వాటిలో ఒకటి కుంటిది. మామిడి కాలం వస్తే తోటల్లో కాయలు కోసే పనికి పోతాడు. మిగతా నెలల్లో నామకరణాలు, గృహప్రవేశాలు, ఎద్దుల పండగలు ఫోటోలు తీస్తాడు. పదో క్లాసు రెండు తూర్లు తప్పినాడు. ఎందుకు తప్పినావప్పా అంటే, "చదివేది నాకి బాగా వచ్చు, రాసేదే రాలే" అంటాడు. పరీక్ష పేపరు దిద్దినాయన ఆయప్ప రాత చూసి ఇదేదో పాతకాలపు శాసనం అనుకోని చెన్నైకి పంపించినాడని, ఆడ ఇంకా చదువుతానే ఉండారని గూడా అంటాడు.

ఆయప్ప కతలకి ఒక లెక్కా పత్రం లేదు. సామల్పట్టి రైలు స్టేషన్లో బెంచీ మీద చిరుత కూర్చోనుండె, తాను ఫోటో తీసినాడు, కండ్లు మూసుకున్నిందని ఆ చిరుతే ఇంగోటి తియ్యమని సైగ చేసింది. ఇది పేరు మోసిన కత. టీ అంగట్లో ఎవురన్నా, "ఆ ఫోటో యాడుంది చెన్నరాయప్పా?" అని అడిగితే, "చిరుతకే ఇచ్చేస్తిని, దాని ఫోటో నాకేల" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వితే ఆయప్పకి అన్నం తిన్నట్టు ఉండేది. ఆ నవ్వు ఒకనాటికి తన మీదికే వస్తుందని తెలిసే అంత తెలివి ఉంటే పదో క్లాసు ఒక తూరికే పాసయ్యేవాడు.

పాపక్క ఆయప్పకి సొంత అక్క. ఆరేండ్లు పెద్దది. మొగుడు పోయి తొమ్మిదేండ్లయింది. తమ్ముడింటికి రెండు సందుల అవతల, తోట గట్టు మీద, ఇల్లూ కొట్టమూ ఒకటే కప్పు కింద పెట్టుకొని ఉండాది. ఆయమ్మకి ఉండేది ఒక ఎద్దు. దాని తల్లి ఎనిమిదో దినమే చచ్చిపోతే, సీసాకి గుడ్డ చుట్టి పాలు పట్టి పెంచింది. అందుకే దాని పేరు సీసాగాడు. పెరిగి పెరిగి మూపురం ఆయమ్మ తలకాయ ఎత్తు వచ్చినా పేరు మాత్రం మారలే. పందెం బాటలో మైకులో "వేప్పనపల్లి పాపక్క సీసాగాడు" అంటే తెలియనోళ్ళు నవ్వేవాళ్ళు. అది పరిగెత్తినాక నవ్వేదానికి నోట్లో దుమ్ము అడ్డం ఉండేది.

మన పక్క ఎద్దుల పండగ అంటే అందరికీ తెలిసిందే. రెండు పక్కలా కట్టెల దడి, మధ్యలో బాట, ఒక్కొక్క ఎద్దునే తలుపు తీసి వదులుతారు. ఎన్ని సెకన్లలో ఆ కొన దాటితే అంత. వదిలే తావులో ఎద్దును రేపేదానికి ఒక్కొక్కడు ఒక్కొక్క వేషం వేస్తాడు. తోక మెలిపెట్టేవాడు, చెవిలో అరిచేవాడు. వేళ్ళ సందులో ముల్లు పెట్టుకొని గుచ్చేవాడూ ఉండాడు. ముల్లు దొరికితే ఆ ఎద్దును పందెం నుంచి తోసేస్తారు. పాపక్క ఇంట్లో ముల్లుకర్ర కాదు కదా, చింతబరికె గూడా లేదు. ఆయమ్మ చేసేది ఒకటే. కుడి అరచెయ్యి బాగా చాపి, మూపురం కాడినుంచి తోక మొదలు దాకా ఒక్క తూరి నిమిరి, "పో నాయనా" అంటుంది. అంతే. సీసాగాడు పోతాడు.

ఆ అరచెయ్యి మీదనే ఈ కతంతా.

చెన్నరాయప్పకి కెమెరా వచ్చింది శశికుమార్ దగ్గిరినుంచి. శశికుమార్ ఆంధ్రానుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో పని చేస్తాండాడు, బాగలూరు రోడ్డులో రూము. ఆదివారాలు ఎద్దుల్ని ఫోటో తీసేదానికి వచ్చి ఈయప్పకి దోస్తు అయినాడు. కొత్త కెమెరా కొనుక్కొని పాతది ఈయప్పకి తక్కువకే ఇచ్చేసినాడు. ఇస్తా ఇస్తా అన్నీ తానే సర్ది పెట్టినాడు.

"దీన్ని రా లో పెట్టానన్నా. ఇందులో తీస్తే ఒక్కొక్క ఫోటో చాలా పెద్దగా ఉంటుంది, ఎంత పెద్దది చేసి చూసినా మసక కాదు."

"రా అంటే వస్తుందా?"

"వస్తుంది. కానీ బరువు ఎక్కువ కదా, కార్డు ఫాస్టుగా రాసుకోకపోతే కెమెరా మధ్యలో ఆగిపోతుంది. ఎర్ర లైటు వెలుగుతా ఉంటుంది, మీరు నొక్కినా తియ్యదు. అందుకని మంచి కార్డు కొనండి. కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఒక నంబర్ ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. అది చదివే స్పీడు. మనకి కావాల్సింది రాసే స్పీడు."

"నాకే రాసేది రాదు, నా కార్డుకి యాడినుంచి వస్తాది?"

శశికుమార్ నవ్వినాడు. "ఇంగ్లీషు యూ అక్షరం ఉంటుంది. దాని లోపల మూడు ఉండాలి. గుర్తు పెట్టుకోండి. యూ లోపల మూడు."

చెన్నరాయప్ప గుర్తు పెట్టుకున్నాడు. మరిచిపోయుంటే బాగుండు. మరిచిపోయినోడు ఇంగొకరిని అడుగుతాడు.

హోసూరు బస్టాండు పక్కన ధనశేఖర్ అని ఒకాయన అంగడి. ఫోన్లకి అద్దాలు, ఛార్జర్లు, కెమెరా సామాన్లు అమ్ముతాడు. అరవమూ తెలుగూ ఒకే నోట్లో కలిపి మాట్లాడతాడు.

"ఏమి కావాలణ్ణా?"

"కెమెరాకి కార్డు. నీ దగ్గిర ఉండేవాటిలో జోరుగా పోయేది. ఎద్దుల్ని తియ్యాల."

ధనశేఖర్ రెండు కార్డులు గాజు బల్ల మీద పెట్టినాడు. ఒకదాని మీద యూ, దాని లోపల మూడు. ఇంగోదాని మీద గుండ్రంగా సీ, దాని లోపల పది.

"ఇది యూ త్రీ. ఇది క్లాసు టెన్. ఎద్దులకంటే యూ త్రీ తీసుకోండి."

"ఈ మూడు అంటే ఏమి?"

"అదీ క్లాసేణ్ణా. స్పీడు క్లాసు."

"అంటే ఇది మూడో క్లాసు, అది పదో క్లాసు."

"అట్ల కాదణ్ణా..."

"మూడో క్లాసుది ఎంత?"

ధనశేఖర్ చెప్పినాడు. పదో క్లాసుదాని రేటుకి అది రెండింతలు. చెన్నరాయప్ప రెండు కార్డులూ అరచేతిలో పెట్టుకొని చూసినాడు. తూకం సమానంగానే ఉండె.

"ధనశేఖరూ, నేను పల్లెటూరోడ్ని అనుకొని ఆడుకుంటాండావు. మా ఇస్కూల్లో మూడో క్లాసోడు పలక మీద ఉమ్మేసి చొక్కాతో తుడుస్తాడు. పదో క్లాసోడు దేశపటం గీస్తాడు. మూడో క్లాసోడికి రెండింతలు కూలీ ఎవురిస్తారప్పా?"

"ఈ క్లాసు వేరేణ్ణా. మీకు చెప్పినాయన ఎవరన్నా ఉంటే ఫోన్ చేసి అడగండి."

అడిగినాడు పాపం. శశికుమార్ ఫోన్ మోగలే. ఫ్యాక్టరీలో పనిలోకి పొయ్యేటప్పుడు గేటు కాడనే ఫోన్లు పెట్టించుకుంటారు. వెనక ముగ్గురు గిరాకీలు నిలబడుకొని ఉండారు. చెన్నరాయప్ప ఒక నిమిషం ఆలోచన చేసినాడు. శశికుమార్ చెప్పింది మూడు, నిజమే. కాని ఆ పిల్లోడు నిన్న మొన్న వచ్చినోడు, వాడికి మన పక్క క్లాసులు ఏం తెలుసు. పైగా థర్డు క్లాసు అనే మాటకి అర్థం వాడికైనా తెలిసుండాల. మూడు పెద్దదా పది పెద్దదా అంటే కుంటి మేక గూడా చెప్తుంది.

"పదో క్లాసుదే ఇయ్యి. నేను తప్పిన క్లాసు, నా కెమెరాన్నా పాస్ కానీ."

ధనశేఖర్ పదో క్లాసుది తీసి పక్కన పెట్టినాడు. గిరాకీలుండారు.

కార్డులోని ఫోటోలు కంప్యూటర్లోకి లాగేదానికి కార్డు రీడర్ గూడా ఒకటి కావాల. ధనశేఖర్ రెండు తీసినాడు. ఒకదాని మూతి లోపల చిన్న ప్లాస్టిక్ ముక్క నల్లగా ఉండె, ఇంగోదాంట్లో నీలంగా.

"నీలం నాలుక ఉండేది ఫాస్టణ్ణా."

చెన్నరాయప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయప్పకి పన్నెండేండ్లప్పుడు నాయన మందలో నీలినాలుక రోగం వచ్చింది. మూతులు వాచి, నాలుకలు నీలంగా బయటికి వేలాడి, నలభై గొర్రెలు ఒక్క వానాకాలంలో పోయినాయి. పూడ్చేదానికి గుంతలు తవ్వింది ఈయప్పే. హోసూర్లో రేటు నచ్చక సామాను వద్దన్నోళ్ళు ఉండారు, రంగు నచ్చక వద్దన్నోళ్ళు ఉండారు. గొర్రెల రోగం గుర్తొచ్చి కార్డు రీడర్ వద్దన్న మనిషిని ఆ అంగడి అంతకు ముందు చూసుండదు.

"నల్లది ఇయ్యి" అన్నాడు చెన్నరాయప్ప. ఎందుకని ధనశేఖర్ అడగలే. ఈయప్పా చెప్పలే. కతలు చెప్పే నోరు ఆ ఒక్కటి చెప్పదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పక్క ఊర్లో ఎద్దుల పండగ. కమిటీ పెద్ద శేషప్ప. పంచె మడత నలగని మనిషి. పొద్దున్నుంచి నూటా ఎనభై ఎద్దులు పోయినాయి. అప్పటికి మొదట ఉండేది శేషప్ప బావమరిది ఎద్దు. చెన్నరాయప్ప వదిలే తలుపుకి ఎదురుగా దడి మీద ఎక్కి, కెమెరా మెడకి తగిలించుకొని, పెండ్లికొడుకు మాదిరి ఉండినాడు. పదో క్లాసు కార్డు పెట్టినాక ఒక్కొక్క ఎద్దుకి ఒక్కొక్క ఫోటో తీస్తా వచ్చినాడు, అంతా బాగానే ఉండె. ఒక్కొక్కటి తీస్తే ఏ కార్డైనా రాసుకుంటుంది. పరీక్ష వచ్చినప్పుడే కదా క్లాసు తెలిసేది.

సీసాగాడి వంతు వచ్చేదానికి ముందు, దడి మీద కూర్చున్న నలుగురైదుగురు మొగోళ్ళు ఎగతాళి మొదలు పెట్టినారు.

"ఏం చెన్నన్నా, ఆ పెట్టె పని చేస్తాదా, లేక అదీ కతలు చెప్తాదా?"

"చిరుత ఇప్పిచ్చిందేమో రా అది."

చెన్నరాయప్పకి పౌరుషం వచ్చింది. వాళ్ళ పక్క తిరిగి గుండీ మీద వేలు పెట్టి ఎత్తకుండా నొక్కినాడు. టకటకటకటక. ఏడు ఫోటోలు. ఆ సద్దుకే వాళ్ళు వెనక్కి వాలినారు. ఒకడు తువ్వాలు తలకి చుట్టుకున్నాడు, ఒకడు మీసం దువ్వినాడు. "చూసినారా, ఏడు గుర్రాలు పరిగెత్తినట్టు ఉండాదే" అన్నాడు చెన్నరాయప్ప.

అప్పుడే మైకులో పేరు చదివినారు. వేప్పనపల్లి పాపక్క సీసాగాడు.

ఆయప్ప తిరిగినాడు. కన్ను కెమెరాకి ఆనించినాడు. అక్క కనిపించింది. పచ్చ చీర, కొంగు నడుముకి చుట్టుకొని, ఎద్దు పక్కన నిలబడి ఉండె. కుడి చెయ్యి పైకి ఎత్తింది. వేళ్ళు విడదీసి, అరచెయ్యి ఎండలో తెరిచింది. గాజులు మోచేతి పక్కకి జారినాయి. గడ్డి కొడవలి తెగిన పాత మచ్చ గూడా కనిపించింది. ఆ చేతిలో ఏమీ లేదు. చెన్నరాయప్ప నొక్కినాడు.

సద్దు రాలే.

ఇంగోసారి నొక్కినాడు. రాలే. కెమెరా కంటి కొనలో చిన్న ఇంగ్లీషు అక్షరాలు నాలుగు. బిజీ అంట. వెనక ఎర్ర లైటు వెలుగుతానే ఉండె. మీసం దువ్వుకున్నోడ్ని, తువ్వాలు చుట్టుకున్నోడ్ని కార్డు నిదానంగా, అక్షరం కూడబలుక్కొని రాసుకుంటా ఉండె, ఈయప్ప తప్పిన పరీక్ష రాసినట్టే. అక్క చెయ్యి మూపురం మీద పడింది, తోక దాకా పోయింది. నోరు కదిలింది. సీసాగాడు పోయినాడు. ఎర్ర లైటు ఆరినాక కెమెరా టక్ అనింది. దాంట్లో పడింది దుమ్ము.

సీసాగాడు పదకొండున్నర సెకన్లలో దాటినాడు. ఆ దినానికి అదే మొదటిది. ఈలలు మోగినాయి. శేషప్ప బావమరిది ఊరుకోలే. ఆ కొనకి పోయి ఎద్దును పట్టుకొని, దాని పిర్ర మీద ఎర్రగా ఉండే గీత చూపించినాడు. దడి కట్టె గీసుకున్న గీత అది, ఆ దినం పది ఎద్దులకి ఉంటాది. "ముల్లు గుచ్చింది. ఆయమ్మ వేళ్ళ సందులో ముల్లుండె, నేను చూసినా" అన్నాడు. ఇంగో ఇద్దరు మేమూ చూసినామన్నారు.

పాపక్క ఏం గొంతు పెంచలే. రెండు చేతులూ చాపింది. "చూడండప్పా."

"ఇప్పుడు చూస్తే ఏముంటాది, పారేసుంటావు" అన్నాడు బావమరిది.

శేషప్ప మైకు పట్టుకున్నాడు. "జగడం వద్దు. మన చెన్నరాయప్ప తలుపుకి ఎదురుగానే ఉండినాడు. ఫోటో తీసుంటాడు. చెయ్యి ఖాళీగా ఉంటే మొదటి బహుమానం పాపక్కదే. ముల్లుంటే మూడేండ్లు ఆ ఎద్దు ఏ ఊరి బాటలోనూ దిగేదానికి లేదు. ఏం చెన్నరాయప్పా, ఉండాదా ఫోటో?"

అందరూ ఆయప్ప పక్క తిరిగినారు. పాపక్క గూడా తిరిగింది. నవ్వు లేదు ఆ మొగంలో, భయమూ లేదు. తమ్ముడు ఉండాడు కదా అనే చూపు.

లేదప్పా అనాల. ఒక్క మాట. నలభై ఆరేండ్లు ఉండాది ఉండాది అని చెప్పిన నోరు అది, దానికి లేదు అనేది అలవాటు లేదు. "ఉండాది. గోళ్ళతో సహా ఉండాది" అన్నాడు.

కమిటీ ల్యాప్‌టాప్ తెచ్చినారు. చెన్నరాయప్ప నల్ల నాలుక రీడర్ తగిలించినాడు. పొద్దున్నుంచి తీసినవి రెండొందల దగ్గిర, అన్నీ రా లో తీసిన బరువైన ఫోటోలు. ఒక్కొక్కటి వచ్చేలోపల ఒక మనిషి టీ తాగి గ్లాసు కడిగి పెట్టొచ్చు. జనం చూసినారు, చూసినారు, సగం మంది ఎద్దులు తోలుకొని వెళ్ళిపోయినారు. పందిరి విప్పేటోళ్ళు గుంజలు పీకేది మొదలు పెట్టినారు. ఆ రీడర్ అంత నిదానంగా ఉన్నిందానికి చెన్నరాయప్ప ఆ పొద్దు లోలోపల దండం పెట్టుకున్నాడు. కడాకి దుమ్ము ఫోటో వచ్చింది. దానికి ముందు మీసం దువ్వుకున్నోడు.

"మధ్యలోది యాడప్పా?" అన్నాడు శేషప్ప.

"కార్డు లోపల ఇరుక్కునింది. హోసూర్లో మిషను పెట్టి తియ్యాల."

"అట్ల ఇరుక్కుంటాదా?"

"జాస్తి స్పీడు పోయే కార్డు కదా, అట్లనే."

శేషప్ప వచ్చే ఆదివారం దాకా గడువు ఇచ్చినాడు. ఇంటికి పొయ్యేటప్పుడు పాపక్క ఎద్దు పగ్గం పట్టుకొని ముందర నడిచింది. "నువ్వుండావు కాబట్టి సరిపాయె రా" అనింది. చెన్నరాయప్ప ఊ కొట్టినాడు.

మంగళవారం శశికుమార్‌కి రాత్రి షిఫ్టు, పగలు రూములోనే ఉండాడు. కార్డు తీసుకొని కంప్యూటర్లో ఏదో పెట్టి వెతికించినాడు. ఈయప్ప చెరిపేసిన పాత ఫోటోలు గూడా లేచి వచ్చినాయి. కుంటి మేక వచ్చింది. పాపక్క చెయ్యి రాలే.

"అన్నా, ఈ నంబర్లు చూడండి. ఈ ఏడు వాళ్ళవి. తర్వాతి నంబర్ దుమ్ముది. మధ్యలో నంబర్ తప్పలేదు. టైము చూడండి, పదిహేడు సెకన్లు ఖాళీ."

"ఆ పదిహేడు సెకన్లే కావాల నాకి."

"తీసి పోగొట్టుకున్నవైతే తేవచ్చన్నా. మీరు తియ్యనే లేదు కదా."

"నొక్కినాను కదా."

"నొక్కారు." శశికుమార్ కార్డు బయటికి తీసి తిప్పి చూసినాడు. "నేను యూ లోపల మూడు అని చెప్పాను కదన్నా. ఇది క్లాసు టెన్."

"మూడో క్లాసుది ఏల కొంటాను? పది కదా పెద్దది."

శశికుమార్‌కి నవ్వు వచ్చింది. ఈయప్ప మొగం చూసి మింగేసినాడు. మెల్లిగా చెప్పినాడు. ఆ పది అంటే సెకనుకి పది ఎంబీ రాసుకుంటుందని. ఈ మూడు అంటే సెకనుకి ముప్పై.

"ముప్పై అయితే ముప్పై అని రాయాల. మూడు అని ఏల రాస్తారు?"

"తెలీదన్నా."

"చదువుకున్నోళ్ళు చేసే పని" అన్నాడు చెన్నరాయప్ప. అంతకన్నా తిట్టేదానికి ఆయప్పకి ఎవురూ దొరకలే.

శశికుమార్ తన కార్డు, తన రీడర్ తీసి చేతిలో పెట్టినాడు. "ఇవి వాడుకోండి. నాకు ఇంకొకటి ఉంది." రీడర్ మూతిలో నీలం నాలుక. ఈ తూరి చెన్నరాయప్ప చెయ్యి లాక్కోలే.

ఆ కార్డు చేతిలోకి వచ్చినాక ఆయప్పకి ఒక ఆలోచన పుట్టింది. దార్లో, బస్సులో, ఆ ఆలోచనకి కాళ్ళు వచ్చినాయి, కొమ్ములు వచ్చినాయి. గురువారం పొద్దున ఎండ బాగా వచ్చినాక అక్క కొట్టం కాడికి పోయినాడు. పాపక్క తొట్టిలో తవుడు కలుపుతా ఉండె.

"వచ్చినాయా ఫోటోలు?"

"అక్కా, ఆ పచ్చ చీర కట్టుకో. సీసాగాడ్ని తోట గట్టు కాడికి తోలుకోనిరా. ఆడ మన్ను గూడా అట్లే ఎర్రగా ఉంటాది."

"ఎందుకు?"

"చెయ్యి ఎత్తి ఒక్క తూరి నిమురు. ఎనక ఏముండేదీ కనపడకుండా దగ్గిరికి లాగి తీస్తాను. తేదీ గీదీ శశికుమార్ మారుస్తాడు." శశికుమార్ ఆ మాట అనలే. ఈయప్పే అతికించినాడు.

పాపక్క తవుడు కలిపేది నిలిపింది.

"అంటే నువ్వు తియ్యలేదా?"

చెన్నరాయప్ప ఎద్దును చూసినాడు.

"ఉండాది అంటివే. గోళ్ళతో సహా అంటివే."

"అంటిని."

"నాలుగు దినాలుగా ఊరంతా చెప్పుకుంటా తిరిగినాను రా. కుళాయి కాడ చెప్పినాను. రేషన్ అంగట్లో కాళమ్మ అడిగితే, మా తమ్ముడు తీసినాడు, ఆదివారం వచ్చి చూడు అన్నాను. లేదని ఆ పొద్దే చెప్పుంటే ఆ పొద్దే కొట్లాడుతుంటిని కదా. నా చెయ్యి పట్టుకొని నెత్తురు వాసన ఉండాదేమో చూడండి, ఆ బాటంతా వెతకండి, ముల్లు దొరికితే తెండి అంటుంటిని. నువ్వు ఉండాది అంటివి, నేను నోరు మూసుకొని ఎద్దును తోలుకొస్తిని."

"నేను చూసినానక్కా. నీ చెయ్యి ఖాళీ. కొడవలి మచ్చ గూడా చూసినాను."

"నా చెయ్యి ఖాళీ అని నాకి తెలీదా?"

"ఇప్పుడొకటి తీస్తే సరిపోతాది కదా. ఉండేదే కదా చూపించేది."

పాపక్క చెయ్యి తొట్టిలోనే కడుక్కొని కొంగుకి తుడుచుకునింది. "ముల్లు పెట్టినోళ్ళు చేసే పని ఇది. నేను పెట్టలే. పో."

ఆదివారం ఇస్కూలు వరండాలో కూర్చున్నారు. కమిటీ ఏడుగురు, వింత చూసేదానికి వచ్చినోళ్ళు ఒక యాభై మంది. పాపక్క తానే ముందర నిలబడి, "ఫోటో లేదప్పా. నా చేతిలో ముల్లు లేదు. చెప్పేదానికి ఇంగేమీ లేదు" అనింది.

చెన్నరాయప్ప లేచినాడు. వారమంతా ఆ మాటలు కూడబెట్టుకున్నాడు. కార్డు కత, బిజీ కత, పదీ మూడూ కత, అన్నీ చెప్పినాడు. ఆయప్ప జన్మలో ఒక్క అక్షరం అతికించకుండా చెప్పిన కత అదొక్కటే. "కెమెరాకి దొరకలే గాని నా కంటికి దొరికింది. అక్క చెయ్యి ఖాళీ. నేను చూసినాను."

వెనకనుంచి ఒక గొంతు, "చిరుతను గూడా చూసినాడు లేప్పా" అనింది.

వరండా గోడలు అదిరేట్టు నవ్వినారు. కమిటీలో ఒకాయనకి కండ్లలో నీళ్ళు వచ్చినాయి.

"చిరుత అబద్ధం" అన్నాడు చెన్నరాయప్ప. "సామల్పట్టిలో చిరుత లేదు. నేనే కట్టినాను. ఇది నిజం."

దానికి ఇంగా నవ్వినారు. చిరుత కత అబద్ధమని చెన్నరాయప్ప నోటితోనే చెప్పించినామని, అది ఆ వారానికి కొత్త కత అయింది. శేషప్ప గూడా నవ్వు ఆపుకొని, కండువాతో మొగం తుడుచుకొని, మూడేండ్లు అని కాగితంలో రాసినాడు. సీసాగాడికి అప్పుడు ఎనిమిదేండ్లు. మూడేండ్ల తరవాత అది పరిగెత్తేదానికి కాదు, నడిచేదానికి పనికొస్తే గొప్ప.

ఇంటి దారిలో పాపక్క గబగబా నడిచింది. సందు మలుపు కాడ మాత్రం నిలబడింది.

"నువ్వు తప్ప ఇంగెవురన్నా చూసుంటే బాగుండు రా" అని, ముందుకి నడిచి పోయింది.

మార్చిలో ఇంగొక ఊర్లో ఎద్దుల పండగ. చెన్నరాయప్ప శశికుమార్ కార్డు పెట్టుకొని పోయినాడు. ఈ తూరి ఎవురి ఎగతాళికీ తిరగలే. తలుపు తీసిన ప్రతి తూరీ వేలు ఎత్తకుండా నొక్కినాడు. ఎర్ర లైటు ఇట్ల వెలిగి అట్ల ఆరిపోయింది. ఇరవై నొక్కితే ఇరవై పడినాయి. నీలం నాలుక రీడర్లో అన్నీ టీ చల్లారేలోపల కంప్యూటర్లోకి వచ్చేసినాయి. వాటిలో శేషప్ప బావమరిది ఎద్దు ఉండె. దాని పక్కన బావమరిది చెయ్యి. చూపుడు వేలికీ నడిమి వేలికీ సందున మేకు, తలకాయ మీద తుప్పుతో సహా.

చెన్నరాయప్ప దాన్ని పెద్ద కాగితం మీద కొట్టించి శేషప్ప ఇంటికి తీసుకోని పోయినాడు. అరుగు మీద నలుగురు కూర్చోనుండారు. శేషప్ప అద్దాలు పెట్టుకొని శానా సేపు చూసినాడు. దగ్గిరికి పెట్టి చూసినాడు, దూరం పెట్టి చూసినాడు.

"బాగా చేసినావప్పా. ఇట్లాంటివి ఇప్పుడు ఫోన్లోనే చేసేస్తారంట కదా, కావాలంటే ఏనుగును ఎద్దు మీద కూర్చోబెడతారంట. నువ్వు యాడ చేయించినావు, హోసూర్లోనా?"

"చేయించింది కాదు. తీసింది."

"అవునవును. చిరుతను తీసినట్టే."

అరుగు మీది నలుగురూ నవ్వినారు. శేషప్ప కాగితాన్ని నలక్కుండా మడిచి తిరిగి చేతిలో పెట్టినాడు, మర్యాద తెలిసిన మనిషి కదా.

ఆయప్ప ఆడినుంచి నేరుగా అక్క కొట్టానికి పోయినాడు. పాపక్క పేడ ఎత్తుతా ఉండె. కాగితం విప్పి పట్టుకున్నాడు. ఆయమ్మ ఒక్క తూరి చూసి మళ్ళీ వంగింది.

"నాకేల చూపిస్తావు. అది నా చెయ్యి కాదు కదా."

సీసాగాడు తల ఎత్తి ఆయమ్మ పక్క మూపురం వంచినాడు, ఆ వేళకి నిమురుతుందని దానికి అలవాటు. ఆ ఆదివారం నుంచి ఎవురన్నా చూస్తా ఉంటే పాపక్క ఎద్దు మీద చెయ్యి వేసేది మానేసింది. కుళాయికి పొయ్యేటోళ్ళు, "ఏమక్కా, చేతిలో ఏముంది?" అని నవ్వుకుంటా పోతారు, అందుకు. వాళ్ళు సందు దాటినాకనే చెయ్యి చాపుతుంది. చెన్నరాయప్ప ఆడ కాగితం పట్టుకొని శానా సేపే నిలబడినాడు. ఎద్దు మూపురం అట్లే వంచుకొని ఉండింది. పాపక్క రెండు చేతులతో పేడ గంప ఎత్తుకొని గట్టు దిగి పోయింది, దాని మీద చెయ్యి వేయలే.